అందరూ క్షేమమని చెప్పించినవాడు

హెలికాప్టర్ మమ్మల్ని మంచు మీద దించి, రెక్కలు ఆపకుండానే వెనక్కి తిరిగింది. ఉత్తర సరిహద్దులో కొండ కొమ్మున మా పోస్టు. ఒక ఫైబర్ గుడిసె, కిరోసిన్ పొయ్యి, వైర్‌లెస్ సెట్టు. ఎంత పీల్చినా ఊపిరి నిండదు. గ్లవుజు తీసి తుపాకీ ముట్టుకుంటే చర్మం ఇనుముకు అంటుకుంటుంది.

పోస్టు కమాండర్ ఒక హవల్దార్. నాగర్‌కోయిల్ వైపు క్రైస్తవుడు. మెడలో సిలువ, నోట్లో ఎప్పుడూ బూతు. వైర్‌లెస్ ఆపరేటర్‌ది బోడినాయకనూరు, మా నోట బోడి. నాది తుడియలూరు. ఊళ్లు తమిళ సీమవే అయినా ఇద్దరి ఇళ్లలోనూ తెలుగే. సెట్టు పక్కన కూర్చుని మా ఇంటి భాష మాట్లాడుకునేవాళ్లం.

జనవరిలో ఆపరేటర్‌కు దగ్గు పట్టుకుంది.

"అన్నా, నెంజు బరువుగా ఉండాది. పండుకుంటే ఊపిరి ఆడలే," అన్నాడు రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని.

ఆ ఎత్తులో ఊపిరితిత్తుల్లో నీరు చేరితే మనిషిని వెంటనే కిందికి దించాలి. కొత్త సిపాయికి కూడా తెలిసిన సంగతి. ఆకాశం ఇంకా తేటగానే ఉంది. హెలికాప్టర్ అడగమని హవల్దార్‌కు చెప్పాను.

"నా పోస్టు నుంచి ఇంతవరకు ఒక్కణ్ణి కూడా దించలేదు. వీడు నాటకాలాడుతున్నాడు," అన్నాడు.

సాయంత్రం రిపోర్టు వేళ ఆపరేటర్ చేతే మైకు పట్టించాడు. వాడు రొప్పుతూ తన నోటితోనే చెప్పాడు. "అందరూ క్షేమం. ఓవర్."

మర్నాడు మంచు తుఫాను కమ్మింది. ఇక అడిగినా హెలికాప్టర్ రాలేదు. తుఫాను ఆగేలోపే వాడు పోయాడు. విచారణలో, జబ్బు హఠాత్తుగా వచ్చిందని హవల్దార్ చెప్పాడు. నేను చూసింది నేను చెప్పాను. అతని మాటే నిలిచింది. బోడిలో వాడి అమ్మ ఒక్కతే నన్ను నమ్మింది.

పటాలం వదిలాక తుడియలూరులో పంపుల వర్క్‌షాపులో చేరాను. కిందటేడు హవల్దార్ అక్కడికి వచ్చాడు. చిక్కిపోయాడు. నోట్లో బూతు లేదు.

"పాపం ఒప్పుకున్నాను తంబీ. దేవుడి ముందు ఏడ్చాను. ఆయన నన్ను చేర్చుకున్నాడు," అన్నాడు తమిళంలో.

చేతిలోని స్పానరు బల్ల మీద విసిరికొట్టాను. "చచ్చింది నీ దేవుడి కొడుకా? బోడిలో ఒక తల్లి కొడుకు!"

అతను తల దించుకున్నాడు. "ఆయన కొడుకూ నా పాపానికే చచ్చాడు. అయినా నన్ను తోసేయలేదు. అందుకే ఆ తల్లి ముందు నిలబడే ధైర్యం వచ్చింది. దారి చూపించు."

ఆ మాటకు నాకు ఇంకా మండింది. అయినా తీసుకెళ్లాను. బస్సులో బోడి చేరాం.

ఆ తల్లి అరుగు మీద చేటలో ఏలకులు ఏరుతోంది. అతను మోకాళ్ల మీద కూర్చుని అంతా చెప్పాడు, మైకు పట్టించిన సంగతితో సహా. ఆమె నావైపు తిరిగింది.

"అబద్ధం యాడ చెప్పినాడో ఆడికే పోయి నిజం చెప్పమను. అంతదాకా నా కాడ మన్నింపు అడగొద్దను."

తమిళంలో చెప్పాను. "వెళ్తానమ్మా," అన్నాడు.

వెళ్లాడు. పటాలం అధికారుల ముందు సంతకం పెట్టి మరీ చెప్పాడు. విచారణ మళ్లీ తెరిచారు. ఆమె ఇంకా మన్నించలేదు. అతని దేవుడు మన్నించాడేమో, నాకు మాత్రం కోపం చల్లారలేదు.

ఆ అరుగు మీద చూసింది కళ్ల ముందు నుంచి పోదు. అతని కన్నీళ్లు చేటలోని ఏలకుల మీద పడుతున్నాయి. ఆమె అతని ముఖం చూడలేదు. ఏలకులు తడవకుండా చేటను తనవైపు లాక్కుని, మళ్లీ ఏరడం మొదలుపెట్టింది.