బాలత్త మాట ముద్దయిన రోజు

మా అత్త పేరు బాలి. చండ్రుగొండ దగ్గర మా తండాలో ఏడుపులో ఆమెను మించినవాళ్లు లేరు. నవ్వకండి. చుట్టం చాన్నాళ్లకు వాకిట్లోకి వస్తే మా లంబాడీ ఆడవాళ్లు మెడలు కావలించుకుని, రాగం తీసి, అన్నాళ్ల కష్టసుఖాలూ పాటగా ఏడుస్తారు. చావుకు కాదు, సంతోషానికే. కొత్తగా వచ్చిన పంతులొకాయన పీనుగ ఎక్కడని అడిగి నవ్వులపాలయ్యాడు.

ఎనభై ఎనిమిదిలో, నేను కోడలిగా వచ్చిన రెండో ఏడు, అత్త చెల్లెలు సైదమ్మ పినపాక నుంచి వచ్చింది. ఆమె మొగుడికి బొగ్గుబాయిలో పని. అక్కాచెల్లెళ్లు వాకిట్లోనే మెడలు పట్టుకున్నారు. కాసేపటికి అత్త పాటలో మాటలు ముద్దయ్యాయి. మూతి ఒక పక్కకు లాగింది. కుడిచెయ్యి చెల్లెలి భుజం మీంచి జారిపోయింది. "ఇయ్యాల గుండె పగిలేటట్టు ఏడ్చింది!" అని అందరూ మెచ్చుకున్నారు. వాళ్లలో నేనూ ఉన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

పది నిమిషాల్లో అంతా సర్దుకుంది. అత్త లేచి, కోడిని పట్టమని నన్ను కేకేసింది. సైదమ్మ మాత్రం చెప్పులు విప్పలేదు.

"అక్కా, దవాఖానాకు పోదాం నడువు."

"ఏందే? మంచిగనే ఉన్న గద."

"మా పక్క క్వార్టర్ల గోపయ్యకు గూడ గిట్లనే మూతి వంకరపోయి, జల్దీనే మంచిగైంది. ఏం గాలేదని డ్యూటీకి పోయిండు. నాలుగో నాడు పడ్డడు. ఇంక మంచంల నుంచి లేవలే."

"తిన్నంక పోదాం తీ."

"నువ్వు డాక్టరుకు చూపించుకునేదాక నీ ఇంట్ల మంచినీళ్లు గూడ ముట్ట."

చుట్టం పస్తు ఉంటే తండాలో తలెత్తుకోలేం. అత్త మొండిదే గానీ ఆ మాటకు లొంగింది. తిట్టుకుంటూనే కొత్తగూడెం బస్సెక్కింది.

అక్కడి డాక్టరమ్మ బీపీ చూసి, నమ్మకం కుదరక మళ్లీ చూసింది. మెడ మీద గొట్టం పెట్టి విన్నది. "మెదడుకు పోయే నాళంలో రక్తం గడ్డ కాసేపు అడ్డం పడి కరిగినట్టుంది. పక్షవాతం వచ్చే ముందు కబురు ఇది. మూతి వంకరైనా, చెయ్యో కాలో పట్టు తప్పినా, మాట ముద్దయినా, తగ్గిపోయిందని ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే రావాలి" అంది. రెండు రోజులు అక్కడే ఉంచుకుంది. బీపీకి ఒక మాత్ర, రక్తం గడ్డకట్టకుండా ఒక మాత్ర రాసి, ఉప్పు తగ్గించమంది, చుట్ట మానమంది.

"మంచిగైనంక గోలీలెందుకమ్మా?" అని అత్త.

"ఇట్లనే మంచిగ ఉండేందుకు. రోజూ వేసుకోవాలి."

చుట్ట మానడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాది ఇంట్లో నాది కుక్కబతుకు. మాత్ర మాత్రం నేను ఒక్క పూటా తప్పనివ్వలేదు. పన్నెండేళ్లు గడిచాయి, ఇప్పుడు అత్తకు అరవై దాటాయి. నన్ను తిట్టేటప్పుడు ఒక్క మాటా తడబడదు, నాకదే పండగ.

పోయిన నెల గోపయ్య మంచంలోనే కన్నుమూశాడని కబురొచ్చింది. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"లాలీ, ఆనాడు నా చెల్లె పొద్దుగూకేదాక పస్తున్నదే. నేనేమో తొవ్వంత దాన్ని తిట్టుకుంటనే పోయిన."