ఎడమ పేజీ ప్రసంగం

పోయిన ఆదివారం మా ఊరి చర్చిలో ఆరాధన జరుగుతుండగా పెద్ద వాన కురిసి వెలిసిందట. "అట" అని ఎందుకంటున్నానంటే, లోపల కూర్చున్న నాకే ఆ సంగతి బయటికొచ్చి చెప్పుల్లో నీళ్లు చూశాకగాని తెలియలేదు. ఈమధ్యనే శ్లాబు వేశారు, నాలుగు గోడలకీ స్పీకర్లు బిగించారు, కిటికీలకు అద్దాలు పెట్టారు, ఇక వాన చప్పుడు ఎవరికి వినబడుతుంది? చెప్పులు దులుపుకుంటూ నాలో నేను నవ్వుకుంటుంటే మా మనవరాలు ఎందుకు తాతయ్యా అని అడిగింది. ఇదే చోట ఇలాంటి వానే ఒకప్పుడు నన్ను పాస్టరు కాకుండా చేయబోయిందని చెబితే నమ్మలేదు. నా ఈడువాళ్లు, రేకుల కప్పు కింద కూర్చున్నవాళ్లు, మీరైనా నమ్ముతారని రాస్తున్నాను.

అప్పుడు నేను అమలాపురానికి కాస్త దూరంలో ఉన్న ఒక కాలేజీలో దైవశాస్త్రం చదువుతున్నాను. మన రోజుల్లో పాస్టరు కావాలంటే బైబిలు ఒక్కటే చదివితే సరిపోయేది కాదు. గ్రీకు అక్షరాలు దిద్దాలి, సంఘ చరిత్ర బట్టీ పట్టాలి, తర్కం నేర్వాలి, వాటన్నిటి మీదా భారతీయ తత్వశాస్త్రం. ఆ చివరిది చెప్పడానికి అమలాపురం నుంచి ఒక మాస్టారు సైకిలు మీద వచ్చేవారు. నుదుట నిలువు నామం, హ్యాండిలుకు వేలాడే గొడుగు, చైనులో పడకుండా పైకి దోపిన పంచె. మొదటి రోజు ఆయన్ని చూసి, పాస్టర్లు కాబోయే మనకి ఈయనేం చెబుతాడని వెనక బెంచీలో గుసగుసలాడుకున్న మేమే, నెల తిరక్కుండా ఆయన క్లాసు కోసం మెస్సులో ఉప్మా సగంలో వదిలేసి పరిగెత్తేవాళ్లం.

మాస్టారిది ఒకటే పట్టు. నోటుబుక్కులో ఎడమ పేజీ మీద పూర్వపక్షం, అంటే అవతలివాడి వాదన రాయాలి, కుడి పేజీ మీద మన సిద్ధాంతం రాయాలి. ఎడమ పేజీ చదివిన అవతలివాడు, నా మాట నాకంటే వీడే బాగా చెప్పాడని తల ఊపాలి. అంతవరకూ కుడి పేజీ ముట్టుకోనిచ్చేవారు కాదు. దాంతో హాస్టల్లో రోజూ తిరునాళ్లే. ఒకడు బౌద్ధుడి పక్షం, ఒకడు దేవుణ్ణి ఒప్పుకోని చార్వాకుడి పక్షం పట్టి, సాంబారు వడ్డించేలోపు ఒకళ్లనొకళ్లు ఖండించుకోవాలి. ఒకసారి దేవుడు లేడని నేను బల్ల గుద్ది అరుస్తుంటే విని, వార్డెనుగారు ప్రార్థన మధ్యలో లేచి కళ్లజోడు కూడా లేకుండా వచ్చేశారు. అంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడూ చదువుకోలేదు.

ఆఖరి ఏడాదిలోకి వెళ్లాలంటే, సెలవుల్లో సొంత సంఘంలో ఒక ప్రసంగం చేసి, వీడి విశ్వాసం సరిగ్గా ఉందని సంఘపెద్ద చేత ఉత్తరం రాయించుకుని వెళ్లాలి. అది లేకపోతే చదువు అక్కడితో సరి. అల్లవరం దగ్గర మా ఊళ్లో సంఘపెద్ద ఎవరో కాదు, మా పెదనాన్నగారే. నాన్నగారు పోయాక మా ఇంటికి పెద్దదిక్కు ఆయనే, నన్ను పాస్టర్ని చేయాలన్న నాన్నగారి కోరిక మోస్తున్నదీ ఆయనే. అందుకని గొప్పగా చెప్పాలనుకున్నాను. గొప్పగా అంటే, మాస్టారి పద్ధతిలో.

ప్రార్థన గురించి ఎత్తుకున్నాను. దేవునికి అన్నీ తెలిసినప్పుడు అడగడం ఎందుకు, అడిగితే మనసు మార్చుకుంటాడా, మార్చుకోనివాడైతే మనం గొంతు చించుకోవడం దేనికని ఇరవై నిమిషాలు ఎడమ పేజీ దంచేశాను. జనం నోళ్లు తెరుచుకుని వింటున్నారు. ఇక కుడి పేజీ తిప్పబోతున్నానో లేదో, తొలకరి వాన రేకుల మీద విరుచుకుపడింది. నా గొంతు నాకే వినబడలేదు. కాసేపు చూసి పెదనాన్నగారు లేచి, చేతులెత్తి దీవెన చెప్పేసి, అందరినీ పంపించేశారు.

ఊరంతా పూర్వపక్షంతో ఇంటికెళ్లింది! కుటుంబ ప్రార్థనంటే మొదటినుంచీ ఆవులించే మా చిన్నమావయ్య, కుర్రాడు చదువుకుని మరీ చెప్పాడు కదా అని ఆ సాయంత్రం నుంచే మానేశాడు. బుధవారం స్త్రీల కూడికలో మా అమ్మా, ఇద్దరు మామ్మలూ తప్ప చాప మీద ఎవరూ లేరు. నారు పోసే రోజులు, ఆకుమళ్ల పనులు కదా అని నేను సర్దిచెప్పబోయాను గాని పెదనాన్నగారు వినలేదు. తిట్టనూ లేదు. ఉత్తరం రాయడానికి తీసిన కాగితం మళ్లీ బీరువాలో పెట్టి, "మీ నాన్న వింటే ఏమైపోయేవాడ్రా" అన్నారు. తిట్టినా బాగుండేది. మిగతా సగం వచ్చే ఆదివారం చెబుతానంటే, ఇక ఆ ప్రసంగపీఠం మెట్టెక్కొద్దన్నారు. సిగ్గుతో, భయంతో మాస్టారికి కార్డు ముక్క రాసి పడేశాను. అమ్మ మాత్రం ఎప్పటిలాగే తెల్లారి నా పేరు చెప్పి పైకే ప్రార్థన చేస్తుంటే, దుప్పటి ముసుగులో పడుకుని విన్నాను.

ఆదివారం ఉదయం చూద్దును కదా, చర్చి గుమ్మంలో నామం, గొడుగు. పెదనాన్నగారికి నమస్కారం పెట్టి, "మావాడు సగమే చెప్పేడటండీ. మిగతా సగం విని పోదామని వచ్చేనండి" అన్నారు మాస్టారు. గుమ్మంలోకొచ్చిన పెద్దమనిషిని కాదనడం కోనసీమలో ఎవరివల్ల అవుతుంది? "ఆయ్, దయచేయండి" అన్నారు పెదనాన్నగారు, నావైపు మాత్రం చూడకుండా.

కుడి పేజీలో మూడు పెద్ద పెద్ద హేతువులు రాసుకున్నాను. ఎదురుగా అమ్మ కనబడేసరికి అవేవీ నోటికి రాలేదు. కాలేజీ నుంచి నేను ఆకలితో వస్తానని అమ్మకు తెలుసు, అన్నం వండే ఉంచుతుంది, అయినా నేను పిలవకుండా వచ్చి పీట మీద కూర్చుంటే మొహం ముడుచుకుంటుంది, ఆకలి సంగతి తెలియక కాదు, నా గొంతు వినాలని. అంతవరకు చెప్పానో లేదో, మళ్లీ వాన! పెదనాన్నగారు లేచారు. అయిపోయింది, దీవెన చెప్పేస్తారనుకున్నాను. ఆయన తిన్నగా నా పక్కకొచ్చి, చెవి వెనక చెయ్యి పెట్టుకుని, రెండో చేత్తో అందరినీ ముందుకు రమ్మని సైగ చేశారు. చాపలు చంకన పెట్టుకుని ఊరంతా నా చుట్టూ మూగింది. మాస్టారు కారుతున్న రేకు కింద గొడుగు విప్పుకుని నిలబడ్డారు. నేను అరుస్తూ చెబుతుంటే చిన్నమావయ్య ఆమెన్ అనాల్సిన చోటల్లా "ఆయ్, ఆయ్" అంటూ తల ఊపాడు.

మర్నాడు ఉత్తరం చేతికొచ్చింది. అంటించలేదు కాబట్టి చదివాను. మావాడు అవతలివారి పక్షం బాగా చెప్పగలడు, వాన ఆగితే మన పక్షమూ చెప్పగలడు, చేర్చుకోండి, అని.

ఆ చేతిరాత మనిషీ లేరు, గొడుగు మనిషీ లేరు, నా పిలుపు కోసం చూసే అమ్మా లేదు. ఇప్పుడు ఏ వానా ప్రసంగాన్ని ఆపలేదు, నాలుగు వీధులవతల మంచం మీద పడుకున్నవాళ్లకీ ఆఖరి మాటదాకా వినబడుతుంది, మంచిదే. కాని వినడం కోసం మనిషి లేచి మనిషి దగ్గరికి వెళ్లడం నేను చూసి చాలా కాలమైంది. వచ్చే నెల ఒక ఆదివారం నన్ను మాట్లాడమంటే, మైకు వద్దన్నాను. వెనకవాళ్లకి వినబడదు కదండీ అన్నాడు ఇప్పటి కుర్ర పాస్టరు.

దగ్గరికి రమ్మను నాయనా, అన్నాను.