కట్లక్క కోయించుకున్న కట్టు

పసిబిడ్డల వార్డులో ఆవిడ అసలు పేరు హాజరు పుస్తకంలోనే ఉండేది. అందరికీ ఆవిడ కట్లక్క. బొటనవేలంత చేతికి నరం దొరకడమే గగనం. దొరికిన నరంలో సూది కదలకుండా ప్లాస్టర్ చుట్టడంలో ఆవిడకు తిరుగులేదు. ఒక్క ముడత ఉండదు, ఒక్క అంచు లేవదు. పెద్ద డాక్టరు కొత్త నర్సులకు ఆ కట్టు చూపించి మురిసిపోయేవాడు. లోపల చెయ్యి ఎలా ఉందని ఎవరూ అడిగేవాళ్లు కాదు.

ఆ మధ్యాహ్నం కేజీన్నర బరువున్న ఆడపిల్ల ఎంతకీ ఏడుపు ఆపలేదు. గుడ్డ మార్చారు, పాలు పట్టారు. లాభం లేకపోయింది. చేరి మూడు వారాలైన నర్సు, అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల, కత్తెర తెచ్చి కట్లక్క వేసిన ప్లాస్టర్‌ను మెల్లగా కోసేసింది.

"ఎవరినడిగి కోశావే? ఆ సూది పెట్టడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది!"

"తర్వాత తీరిగ్గా తిట్టు అక్కా, ముందు ఇటు చూడు."

చెయ్యి బుడగలా ఉబ్బింది. సెలైన్ నరం దాటి చర్మం కింద చేరుతోంది. కట్లక్క వెంటనే సెలైన్ ఆపి డాక్టరును పిలిచింది. ఆయన సూది తీయించి, చేతిని ఎత్తుగా పెట్టించాడు. "ఇంకాసేపు ఆగుంటే చర్మం నల్లబడేది" అన్నాడు.

ఇలాంటివి 'మామూలే' అన్న మాట కింద కప్పెట్టడం ఆస్పత్రులకు కొత్త కాదు. కట్లక్క మాత్రం నేరుగా తల్లి దగ్గరికి వెళ్లింది.

"తప్పు నాదేనమ్మా. లోపల వాపు కనిపించకుండా చుట్టేశాను. ఈ పిల్ల కోసి చూసింది కాబట్టి సరిపోయింది."

"వేళ్లు బాగవుతాయా?"

"అవుతాయనే అంటున్నారు డాక్టరుగారు. గంటగంటకూ చూస్తాం. కానీ మందు ఆగకూడదు, ఇంకో చేతికి సూది పెట్టాలి. వేరేవాళ్లను పిలవనా?"

తల్లి కళ్లు తుడుచుకుంది. "వద్దు, మీరే పెట్టండి. దాచకుండా చెప్పారుగా."

కట్లక్క రెండో చెయ్యి అందుకుంది. ఒక్క పోటుకే నరం దొరికింది. ప్లాస్టర్ చుట్ట పిచ్చుక చేతిలో పెట్టింది.

"నువ్వు వెయ్యి. సూది దిగినచోటు కనిపించాలి, వేళ్లు కనిపించాలి."

"వంకరగా వస్తుందేమో అక్కా!"

"రానీ. అందం చూసుకోవడం నేను మానేశాలే."

నాటి నుంచి ఆ వార్డులో గంటకోసారి రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూడటం, తాకడం, రాయడం పనిలో భాగమైంది. అంతకుముందు నెలకు ఏడెనిమిది వాపులు. ఇప్పుడు ఒకటో రెండో, అవీ మొదట్లోనే దొరుకుతున్నాయి. వార్డు మీటింగులో డాక్టరు మెచ్చుకుంటే కట్లక్క పిచ్చుకను ముందుకు తోసింది.

ఆ ఆడపిల్ల చేతి వాపైతే మూడో రోజుకే పూర్తిగా తగ్గిపోయింది. తల్లి వేలు అందిస్తే అయిదు వేళ్లతోనూ పట్టుకుంది.