ఇంటిపేరు అడిగే కండక్టర్

"కండక్టర్ మామ పోయినాడు చెల్లీ" అని అవినాశి నుంచి సెల్వరాజ్ అన్న ఫోన్ చేసినప్పుడు నేను బడిలో ఉన్నాను. ఏ కండక్టర్ అని అడగాల్సిన పని లేదు. కొండకింద ఊళ్ళలో తెలుగు మాట్లాడే ఇళ్ళన్నిటికీ కండక్టర్ మామ ఒక్కరే. శ్రీ వెంకటసామి నాయుడు గారు కోయంబత్తూరు ఆసుపత్రిలో దివంగతులయ్యారన్న దుర్వార్త విని చేష్టలుడిగి కూర్చుండిపోయాను. మొన్న ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, ఎల్లమ్మ పొంగలికి వచ్చి, బెల్లం తక్కువైందని వంక పెట్టి, మళ్ళీ రెండోసారి అడిగి పెట్టించుకున్న మనిషి. ఇంత తొందరగా వెళ్ళిపోతారని కలలో కూడా అనుకోలేదు.

కోయంబత్తూరులోని సింగానల్లూరు బస్టాండులో బయలుదేరి, పళని, ఒట్టన్‌చత్రం దాటి, కొండలను ఆనుకుని బట్లగుండు దాకా పోయే దారిలోనే ఆయన జీవితం గడిచింది. ఆ దారిలో కొండ మొదట్లో ఉంటుంది మా గుర్రప్పనాయకన్‌పట్టి. మా పూర్వులు ఎన్ని తరాల కింద తెలుగునేల వదిలి వచ్చారో మాకెవరికీ తెలియదు. మాకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. బస్సెక్కితే అందరిదీ తమిళమే. అయినా మనవాళ్ళెవరో ఆయన ఇట్టే పసిగట్టేవారు. "బ్రేకు ఏస్తే తెలిసిపోతాది అమ్మిణి. 'అమ్మో' అన్నోళ్ళు మనోళ్ళు" అనేవారు. టికెట్ చించి చేతిలో పెట్టి, "ఏ ఊరు? మీ ఇంట్లో పెండ్లికి పిల్ల ఉండాదా?" అని మెల్లగా మొదలుపెట్టేవారు. అట్లా ఆ దారి పొడుగునా వియ్యాలు కలిపిన పుణ్యాత్ములు. ఇక "నిలుపు మామా, నిలుపు" అని కేకలు పెడుతూ ఆడవాళ్ళు పరుగెత్తుకొస్తుంటే, వాళ్ళు ఎక్కేదాకా బండి కదలనిచ్చేవారు కాదు. డ్రైవరు విసుక్కుంటే, "మీ అత్త పరుగెత్తి వస్తే ఇట్లే పోతువా?" అని నోరు మూయించేవారు.

నా పెళ్ళి కూడా ఆయన చేతుల మీదుగానే జరగబోయింది. ఒట్టన్‌చత్రం బడిలో నాకు టీచరు పని దొరికిన కొత్తలో, అవినాశిలో బనియన్లు కుట్టే చోట పనిచేస్తున్న సెల్వరాజ్ సంబంధం తెచ్చారు. జాతకాలు చూపించారు. పిల్లవాడు తాగుతాడేమోనని వాళ్ళ వీధి టీకొట్టులో కూర్చుని మరీ వాకబు చేశారు. ఇంటిపేరు ఒక్కటి అడగలేదు. అది పూర్తిగా ఆయన తప్పని కూడా అనలేం. తమిళ బడుల్లో చదివిన మాకు పేరు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరమే మిగిలింది. ఇంటిపేర్లు అవ్వల నోళ్ళలో తప్ప ఇంకెక్కడా లేవు.

పెళ్ళిచూపుల నాడు తాంబూలం మార్చుకోబోయే ముందు మా అవ్వ దీపానికి దణ్ణం పెట్టి, "మల్లెలవారి ఎల్లమ్మా, నువ్వే తోడు తల్లీ" అంది. సెల్వరాజ్ వాళ్ళ అవ్వ నోటి దగ్గరకు తీసుకుపోతున్న కాఫీ గ్లాసు దించేసింది.

"ఏమంటివి వదినా? మీరు మల్లెలవారా?"

"ఆమా. ఏమి?"

"మేమూ మల్లెలవారే కదా!"

ఇంటిపేరు ఒకటి, కులదైవం ఒకటి అయితే మాలో అన్నదమ్ముల బిడ్డల కిందే లెక్క. పెళ్ళి మాట ఎత్తడమే తప్పు. నేను తలెత్తి చూస్తే సెల్వరాజ్ ఇంటి కప్పు వంక చూస్తున్నాడు. మామ నెత్తి కొట్టుకుని, "అయ్యో, అన్నకీ చెల్లెలికీ ముడి ఏసేదానికి పోతినే! నా నోట్లో మన్ను పడ!" అన్నారు. ముందుగా నవ్వింది మా అవ్వే. తెచ్చిన చీర వెనక్కి తీసుకుపోవడమెందుకని, అన్న పెట్టే చీరగా సెల్వరాజ్ అక్కడే నాకిచ్చాడు. తర్వాత నా పెళ్ళిలో మేళం దగ్గర్నుంచి భోజనాల దాకా చూసుకున్నది ఆ అన్నే. తమ ఎల్లమ్మ గుడి మా ఊళ్ళో ఉందని అవినాశి వాళ్ళకు తెలిసిందీ ఆ రోజే.

అప్పటి నుంచి మామ ఎవరిని కదిలించినా ముందు ఇంటిపేరే. తెలియదంటే, "అవ్వనడిగి రేపు చెప్పు" అని పని పురమాయించేవారు.

కొన్నాళ్ళకు రోడ్డు వెడల్పు చేశారు. మా ఊరిని పక్కన పెట్టి పొలాల మీదుగా బైపాస్ వేశారు. ఇకమీదట బండి బైపాస్‌లోనే పోవాలని బస్సు ముతలాళి, అంటే యజమాని, ఆజ్ఞ ఇచ్చారు. మా ఊరికి వచ్చే బస్సు అదొక్కటే. తెల్లవారగానే చిక్కుడు మూటలతో ఒట్టన్‌చత్రం మార్కెట్టుకు పోయే ఆడవాళ్ళకు, కాలేజీ పిల్లలకు, నాకు వేరే దిక్కు లేదు. ఉద్యోగం మానేయమని ఇంట్లో అప్పుడే మాటలు మొదలయ్యాయి. నేను బస్సులోనే మామ దగ్గర ఏడ్చేశాను. "ఏడవద్దు అమ్మిణి. ముతలాళి ఇంటికి నేను పోతా" అన్నారు.

సింగానల్లూరులో ఆ ఇంటికి పోతే ముతలాళి ఆయన మాట చెవిన పెట్టలేదట. చెప్పులు వేసుకుని వచ్చేస్తూ, వసారాలో కూర్చున్న ముతలాళి తల్లిని అలవాటు కొద్దీ పలకరించారట.

"అమ్మా, మీ ఇంటిపేరేమి?"

"మల్లెలవారు."

"మీ ఎల్లమ్మ ఏడ ఉండాది?"

"కొండకింద అని మా అత్త చెప్తా ఉండె. యా కొండో ఎవురికీ తెలియదు నాయనా. ఆడి నెల వస్తే ఇంట్లోనే టెంకాయ కొట్టుకుంటాము."

"అమ్మా, దినామూ ఆ తల్లి ముందరనే నేను విజిల్ ఊదుతుండాను. మీ బండి ఆడనే నిలుస్తాది!"

మా ఊరి స్టాపింగు పక్కన రేకుల కింద ఉన్న రాయే మా ఎల్లమ్మ. ఆ మరుసటి శుక్రవారమే ముతలాళి కుటుంబం పొంగలి కుండతో అక్కడ దిగింది. ఆ పెద్దావిడ రాతిని రెండు చేతులా పట్టుకుని ఎంతసేపటికీ వదల్లేదు. చివరికి కొడుకు వైపు తిరిగి, "ఈ తల్లిని దాటి పోయేదానికా నీకు బండి?" అని అడిగింది. బస్సు నేటికీ మా ఊళ్ళోకి వస్తోంది. నేను ఇంకా టీచరుగానే ఉన్నాను. నా జీవితాన్ని నిలబెట్టింది మామే.

మామ సొంత ఊరు బట్లగుండు దగ్గర. పార్థివదేహాన్ని అక్కడికి తీసుకుపోయేటప్పుడు, బైపాస్ అయితే తొందరగా చేరతామని డ్రైవరు అన్నాడట. "మా నాయన దారిలోనే పోవాల" అన్నాడట ఆయన కొడుకు. ఆ సంగతి తెలిసి ఊరు ఊరంతా స్టాపింగుకు చేరింది. నేనూ బడి నుంచి వచ్చేశాను. పోయినవారి బండిని దారిలో ఇంకో ఊళ్ళో ఆపకూడదని మాలో ఆచారం. ఆపితే ఆ ప్రాణం అక్కడే ఉండిపోతుందంటారు. అందుకే తెచ్చిన దండలు మా చేతుల్లోనే ఉండిపోయాయి. బండి కనపడగానే మార్కెట్టుకు పోయే చెల్లమ్మక్క ఎప్పటిలాగే "నిలుపు మామా, నిలుపు" అని అరిచి, కొంగు నోట్లో కుక్కుకుంది.

ఈ దారిలో బస్సులకేం, వస్తూనే ఉంటాయి. "మీ ఇంటిపేరేమి" అని అడిగేవారు ఇక ఏ బస్సులోనూ ఉండరు. ఆ లోటు మా తరంలో తీరేది కాదు. ఆ మహనీయునికి అశ్రునయనాలతో నమస్కరిస్తున్నాను.

బండి ఎల్లమ్మ ముందర కాస్త నెమ్మదించింది, అంతే. మా స్టాపింగులో ఆగకుండా మామ వెళ్ళిపోయింది ఆ ఒక్కసారే.