కత్తిరించిన అంచు

దయ్యాల కబుర్లు మొదలైతే పుస్తకం పట్టుకుని వేరే గదిలోకి వెళ్ళిపోయే రకాన్ని నేను. భయంతో కాదు, విసుగుతో. మా ఇంట్లో ఎవరికీ అలాంటి నమ్మకాలు లేవు. నాకు ఇప్పటికీ లేవు. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

తొంభైల మధ్యలో మేము అశోక్ నగర్‌లో ఉండేవాళ్ళం. మా వీధిలో ఇళ్ళ కంటే కోచింగ్ సెంటర్ల బోర్డులే ఎక్కువ కనిపించేవి. నాన్న ప్రభుత్వ ఆఫీసులో క్లర్కు. డిగ్రీ అయ్యాక నారాయణగూడలో ఒక చిన్న సంస్థలో ఫోటోగ్రఫీ డిప్లొమా చేస్తానంటే ఒక షరతు మీద ఒప్పుకున్నారు. ఏడాది చూస్తారు. పాసైతే నా దారి నాది. లేకపోతే అందరిలాగే గ్రూప్స్ కోచింగ్‌లో కూర్చోవాలి.

నాకు నలుగురిలో మాట్లాడటం రాదు. కెమెరా వెనక ఉంటే మాట్లాడనక్కర్లేదు. ఆ ఏడాదిని నేను ఎంత గట్టిగా పట్టుకున్నానో ఇంట్లో ఎవరికీ తెలియదు.

మా సార్ నేర్పే పద్ధతి ఒకటుండేది. ప్రతి విద్యార్థీ పేరున్న ఒక ఫోటోగ్రాఫర్‌ని ఎంచుకుని ఆయన తీసినట్టే తీయాలి. అదే చోటు, అదే కోణం, అదే వెలుతురు. "ముందుగాల నకలు రావాలె. అసలు దానంతటదే వస్తది" అనేవారు. ప్రింట్లతో పాటు నెగటివ్‌లూ ఇవ్వాలి. నెగటివ్ లేని ఫోటోకు మార్కులు లేవు.

నేను గాంధీనగర్‌లో ఉండే ఒక పెద్దాయన్ని ఎంచుకున్నాను. ముప్పై ఏళ్ళ కిందట ఆయన ఈ చుట్టుపక్కల గల్లీలన్నీ నలుపు తెలుపుల్లో తీశారు. వాటిలో ఒకటి నాకు చాలా ఇష్టం. చిక్కడపల్లిలో ఒక పాత ఇంటి రాతి మెట్లు, వాటి మీద తట్ట పక్కన పెట్టుకుని అలసి కూర్చున్న కూలి మనిషి. నిలువు ఫోటో. అందులో ఇంకేమీ లేదు.

ఆ మెట్లు ఇంకా ఉన్నాయి. సంస్థలో ఉన్న పాత కెమెరా అడిగి తీసుకున్నాను. తల వంచి పైనుంచి గాజు తెరలోకి చూసే రకం. పెద్దాయన వాడిందీ అలాంటిదే. ఆయన ఫోటోను గాజు కొలతకు కుదించి, పల్చటి కాగితం మీద గీతలుగా దించుకుని, ఆ కాగితాన్ని తెర మీద పరిచాను. మెట్లు ఆ గీతల్లో కూర్చుంటే ఫోటో కుదిరినట్టే.

మొదటి రోజు ఎంత జరిపినా కుదరలేదు. ఆ గాజులో కుడిఎడమలు తారుమారుగా కనిపిస్తాయని ఇంటికొచ్చి అన్నం తింటుంటే గుర్తొచ్చింది. మర్నాడు కాగితం తిరగేసి పెట్టాను.

ఆ కెమెరా తీసేది చదరపు ఫ్రేము. నా గీతలు మధ్యలో నిలువు భాగానికే. మిగిలిన అంచులను నేను పట్టించుకోలేదు. అక్కడ ఉన్నది మెట్ల పైకొసన సున్నం కొట్టిన గోడ, దాని మీద ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ప్రకటన.

మెట్ల నీడలు ఆయన ఫోటోలో పడినట్టే పడాలి. పొద్దున పూట కాసేపే అలా పడతాయి. మబ్బు వస్తే ఆ రోజు పోయినట్టే. ఆ వారమంతా నా డైరీలో కాళ్ళ నొప్పులు తప్ప ఇంకేమీ లేదు.

చివరికి ఎండ బాగా వచ్చిన రోజు, కూలీల అడ్డా మీద ఆ రోజు పని దొరకని ఒకామెను బతిమాలి తీసుకొచ్చాను. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన మనిషి, పేరు ఎల్లమ్మ.

"గీ మెట్ల మీద నేను కూసుంటే నీకేమొస్తదమ్మా?"

"పరీక్ష అక్కా."

"మంచిగుంది. మేం రోజూ గిట్లనే కూసుంటం, మమ్ముల ఎవ్వరు పాస్ చెయ్యరు."

కూర్చున్నాక ఆమె గోడ వైపు చూసి, "మరి గా పిల్లను గూడ దించుతవా?" అని అడిగింది. నేను గాజులోకి వంగి ఉన్నాను. దారిన పోయే ఎవరో పిల్ల అనుకుని వద్దన్నాను. ఒకటి తీసి, "అయిపోయింది, ఇంక రావచ్చు" అన్నాను. అంతలో ఎండ ఇంకా తేటపడింది. ఆమె లేచేలోపు మరొకటి తీశాను.

సంస్థ డార్క్‌రూమ్‌లో ఫిల్మ్ కడిగి, ఫ్రేములన్నీ ఒకే కాగితం మీద చిన్నగా పడే కాంటాక్ట్ షీట్ వేశాను. షీట్ ఆరకముందే చూశాను.

అంచులో గోడ లేదు. ప్రకటన అక్షరం ఒక్కటి లేదు. తెరిచిన తలుపు ఉంది. గడప లోపల, తలుపు చెక్క పట్టుకుని, లంగా ఓణీలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. రెండో ఫ్రేములో ఆమె గడప దాటి బయట ఉంది.

అది కొత్త ఫిల్మ్. చుట్ట విప్పి కెమెరాలో ఎక్కించింది నేనే. మధ్యాహ్నం మళ్ళీ చిక్కడపల్లి వెళ్ళి ఆ గోడను చేత్తో తట్టి చూశాను. గోడే. ఎదురింటావిడ, "గాడ పాత దర్వాజ ఉండె, మూసి శానా ఏండ్లాయె" అన్నారు. నాకు ఆ క్షణంలో భయం వేయలేదు. మళ్ళీ అంతా తీయాలంటే గడువు లేదన్న దిగులు మాత్రమే.

సార్ షీట్‌ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశారు. తర్వాత అందరి ముందే అన్నారు: "చూడమ్మా, నకలు చెయ్యమన్న గాని పెద్దాయన నెగటివ్ ఎత్తుకరమ్మన్లే. దాన్ని నీ ఫిల్మ్ మీద ఎక్కించినవ్. ఆ గల్లీల నేను రోజూ పోత, ఆడ దర్వాజ లేదు." వెనక ఎవరో నవ్వారు. ఆ పెద్దాయనతో ఫోన్ చేయించి, నా నెగటివ్ కూడా తెచ్చిస్తేనే ఒప్పుకుంటానన్నారు.

గాంధీనగర్‌లో పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నేను చెప్పింది విని, లోపల్నుంచి తన పాత నెగటివ్ తెచ్చి, దీపం వెలిగే గాజు పెట్టె మీద నాదాని పక్కన పెట్టారు.

ఆయనదీ చదరపు ఫ్రేమే. అంచులో అదే తలుపు. గడప లోపల అదే అమ్మాయి.

"మా చెల్లె," అన్నారు. "నేను ఫోటో తీస్తుంటే నా తోని వస్తనన్నది. ఫ్రేముల పడుతున్నవ్, నేను చెప్పేదాక గడప దాటకు అన్న. ఫోటో అయినంక వెలుతురు పోతున్నదని అట్నే ఇంకో గల్లీకి ఉరికిన. చెప్పుడు మర్చిపోయిన."

ఆ వానాకాలమే ఆమె జ్వరంతో పోయిందట. ఆయన ఎప్పుడు ప్రింట్ వేసినా ఆ అంచును కత్తిరించే వేశారు. ఆ నెగటివ్‌ను ఇంకెవరికీ చూపించలేదు.

నా మొదటి ఫ్రేము ఆయనదానితో సరిపోయింది. రెండోదాని మీద ఆయన వేలు ఆగిపోయింది. "ఈమెను ఎవరు రమ్మన్నరు?" అని అడిగారు.

అయిపోయింది, ఇంక రావచ్చు. ఆ మాట నేను ఎవరితో అన్నానో నాకు తెలుసు. ఎవరు విన్నారో తెలియదు.

ఆయన సార్‌కు ఫోన్ చేసి, తన నెగటివ్ ఎవరికీ ఇవ్వలేదని చెప్పారు. ఫోన్ పెట్టేసి, నా నెగటివ్ చూపించి, "ఇది కొన్నొద్దులు నా దగ్గర ఉండనియ్యి తల్లీ" అన్నారు. ఇస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆయనకూ చెప్పాను. ఆయన తల ఊపారు గానీ నెగటివ్ మీద నుంచి చూపు తీయలేదు. ఇచ్చి వచ్చేశాను.

"ఫోన్ల మాట కాదు, నెగటివ్ ఏది?" అన్నారు సార్. నా దగ్గర లేదన్నాను. షీట్ చించి బుట్టలో వేశారు. ఆ ఏడాది నేను పాస్ కాలేదు.

నాన్న కోప్పడలేదు. "ఫోటోల ముచ్చట అయిపోయింది గద బిడ్డా, ఇగ సోమవారం నుంచి క్లాసులకు పో" అన్నారు. ఆ మెట్ల ముందు నిలబడిన రోజుల అలసట ఇంకా తీరనట్టుండేది. సోమవారం వెళ్ళాను.

వానలు తగ్గాక పెద్దాయన కబురు పంపారు. క్లాసు అయ్యాక వెళ్ళాను. గాజు పెట్టె వెలుగుతోంది. రెండు నెగటివ్‌లూ దాని మీదే ఉన్నాయి.

ఆయన పాతదానిలో తలుపు తెరిచే ఉంది. గడప దగ్గర ఎవరూ లేరు.

నాదానిలో సున్నం గోడ ఉంది. టైపు ఇన్‌స్టిట్యూట్ అక్షరాలు చదవగలిగేంత స్పష్టంగా ఉన్నాయి. రెండు ఫ్రేముల్లోనూ అంతే.

"గీకలే, కడగలే," అన్నారాయన. "మొన్న చూస్తే గిట్లున్నది. ఇగ మీ సార్‌కు ఇచ్చుకో, దీంట్ల ఏ తప్పు లేదు."

ఫలితాలు వచ్చి చాలా రోజులైందని చెప్పలేకపోయాను. ఆమె ఎక్కడికి వెళ్ళిందని మాత్రం అడిగాను.

"పోనియ్యి తల్లీ. శానా ఏండ్లు నిలబడ్డది," అన్నారు. దీపం ఆర్పేశారు.

నేను తర్వాత పరీక్ష రాశాను, ఉద్యోగం వచ్చింది, ఇప్పటికీ అందులోనే ఉన్నాను. పాత ఫిల్మ్ రసాయనాలు చేసే పనుల గురించి దొరికినంత చదివాను. ఒక్కటీ సరిపోలేదు.

ఆ నెగటివ్ నా దగ్గరే ఉంది. చూపిస్తే ఎవరైనా మామూలు ఫోటో అంటారు. నేనూ చాలాకాలం గోడ వైపే చూశాను, ఆమె నిలబడిన చోటే. మెట్ల మీద ఎల్లమ్మను సరిగ్గా చూసింది ఈమధ్యే. మొదటి ఫ్రేములో ఆమె నా గీతల మధ్య కదలకుండా కూర్చుని ఉంది. రెండోదానిలో కాస్త జరిగి, తట్టను అవతలికి నెట్టి, పైనుంచి దిగుతున్న మనిషికి దారి ఇచ్చినట్టు ఒదిగి కూర్చుంది. ఆమె ముఖం నవ్వుతోంది. మెట్ల మీద ఇంకెవరూ లేరు.