గాజుల దాలమ్మకు తెలిసిన మచ్చలు

గాజుల దాలమ్మకు మనుషుల పేర్లు గుర్తుండేవి కావు. మొహాలు అంతకన్నా గుర్తుండేవి కావు. ఆవిడకు గుర్తుండేది ఒంటి మీది చర్మం ఒక్కటే. పాతపట్నం బజారు వీధిలో ముప్ఫై ఇళ్ళుంటే, ఆ ముప్ఫై ఇళ్ళవాళ్ళనీ తామరలతోనూ, శోభితోనూ, పులిపిర్లతోనూ గుర్తుపెట్టుకునేది. "మోచేతి తామర కోడలు ఇంట్లో ఉన్నాదా?" అని వీధి చివర్నించే కేకేసేది. "పులిపిర్ల మావగోరు రాజాం ఎల్లేరంట గదా" అని ఆ మావగారి గుమ్మంలోనే నిలబడి ఆయన్నే అడిగేది.

గౌరి రాజాం నుంచి ఆ వీధికి కోడలిగా వచ్చిన మొదటి వారంలోనే ఈ సంగతి తెలుసుకుంది. అత్తగారు నారాయణమ్మ ఆమెను అరుగు మీద కూచోబెట్టి గాజులు వేయించింది. దాలమ్మ తాళ్ళకు గుచ్చిన గాజుల మలారం భుజం మీంచి దించి, ఏ ఊరమ్మాయివని గానీ, ఎవరి బిడ్డవని గానీ అడక్కుండా గౌరి రెండు చేతులూ లాక్కుని వేళ్ళ సందుల దగ్గర్నించి మోచేతుల దాకా తిప్పి తిప్పి చూసింది.

"ఏటీ నేదు" అంది, కాస్త నిరాశగా.

ఆ రోజు నుంచి గౌరి ఆవిడ నోట్లో "ఏటీ నేని కోడలు" అయిపోయింది.

పోస్టుమాస్టరు లక్ష్మణరావు మెడ మీద శోభి ఉండేది. దాలమ్మ మూడు నెలలు ఆయన వెంటపడింది. పోస్టాఫీసులో దూరి, "ఉత్తరాలు తరవాత బాబూ, ముందు మెడ సూపించండి" అనేది. ఆ బాధ పడలేక ఆయన కొబ్బరినూనెలో గంధకం కలిపి రాసుకున్నాడు. శోభి పోయింది. ఆ శుభవార్త చెబుదామని మెడ మీద తువ్వాలు కూడా తీసేసి ఆవిడకు ఎదురెళ్ళాడు. దాలమ్మ ఎగాదిగా చూసింది.

"కొత్తగా వచ్చేరేటి బాబూ? మా మెడ శోభి పోస్టుమాస్టరు గోరికి బదిలీ అయిపోనాదా?"

"నేనేనే దాలమ్మా."

"ఆ బాబు మంచోరు" అంది దాలమ్మ అనుమానంగా. "ఎప్పుడూ మెడ గోక్కుంటా ఉత్తరాలిచ్చీవోరు."

ఒక పెళ్ళిలో ఇంకా పెద్ద గొడవే జరిగింది. గాజుల వరసలో కూచున్న పెళ్ళికొడుకు మేనత్త చెయ్యి పట్టుకుని, "యేళ్ళ సందుల గజ్జి. ఈ సేతికి గాజులెయ్యను. సబ్బట్టుకు రండి" అని ప్రకటించింది. అంతవరకూ ఆ చేత్తోనే అందరికీ తాంబూలాలు అందాయి. మర్నాటికి మగపెళ్ళివారూ ఆడపెళ్ళివారూ అన్న తేడా లేకుండా అందరూ గంధకం పూసుకుని కూచున్నారు. పందిట్లో పన్నీరు వాసన ఎవరికీ తగల్లేదట.

బడిపంతులు భీమశంకరరావు ఓ సాయంత్రం అరుగు మీద పేపరు చదువుతూ అమెరికా వార్తొకటి చెప్పాడు. అక్కడ కెంపు రాయిలోంచి వెలుగు పుట్టించి, సూదిమొనంత సన్నంగా చర్మం మీద వేసి చూస్తున్నారట. మచ్చలూ, పచ్చబొట్లూ కూడా చెరుగుతున్నాయట.

"మచ్చలకయితే బాగున్నాది" అంది దాలమ్మ. "పచ్చబొట్టు సెరపడమెందుకు? రేపు పైకెల్తే యముడికేటి సూపించాల?"

"అది వాళ్ళ దేశం సంగతి దాలమ్మా."

"ఆల్లకి యముడు నేడేటి?"

పంతులుగారు పేపరు మడిచేశారు. ఆ తర్వాత విశాఖపట్నం వెళ్ళొచ్చిన ప్రతివాణ్ణీ దాలమ్మ ఆపి, ఆ దీపం అక్కడికైనా వచ్చిందా అని అడిగేది.

అరవై ఆరులో, దసరా ముందర, గౌరి ముంజేతి మీద మణికట్టుకు నాలుగు వేళ్ళ పైన అర్ధరూపాయంత చోటు తెల్లబారింది. దురద లేదు, మంట లేదు. బొల్లి అంటారేమోనన్న భయంతో గౌరి రోజూ దాని మీద పౌడరు రాసేది. ఇంట్లోవాళ్ళకన్నా ఆమెకు దాలమ్మంటేనే ఎక్కువ భయం వేసింది. ఆ కళ్ళబడితే, వీధి చివర్నించి ఏమని కేకేస్తుందో తెలుసు. రెండుసార్లు తలనొప్పని గాజులు తప్పించుకుంది. పండగ ముందు మాత్రం నారాయణమ్మ వదల్లేదు.

దాలమ్మ గాజు ఎక్కిస్తుండగా అది పటుక్కున విరిగి, ముక్క ముంజేతిలో దిగింది. సన్నగా రక్తం వచ్చింది. గౌరి ఎదురింటి లక్ష్మణమ్మతో పులిహోర గురించి మాట్లాడుతూనే ఉంది.

దాలమ్మ కొంగుతో రక్తం తుడిచింది. రక్తంతో పాటు పౌడరూ వచ్చింది. గౌరి అప్పుడు చూసుకుని, ఆ కేక కోసం ఎదురుచూసింది.

"సైజు తప్పింది" అంది దాలమ్మ మలారం ఎత్తుకుంటూ. "రేపొస్తాను."

మర్నాడు నారాయణమ్మ పూజలో ఉండగా పెరటి దారిన వచ్చింది. గౌరిని నూతి గట్టు మీద కూచోబెట్టింది. చేతిలో కోడి ఈక ఉంది.

"కళ్ళు మూసుకో. నానెక్కడ ముట్టుకుంటే అక్కడ సెప్పు."

"మోచెయ్యి" అంది గౌరి. "బొటనవేలు. అరచెయ్యి." తర్వాత ఆగింది. "ఇంక ముట్టుకోవేం?"

"ముమ్మారు ముట్టుకున్నానమ్మా."

గౌరి కళ్ళు తెరిచింది. ఈక ఆ తెల్లమచ్చ మీదే ఉంది.

"పెద్దరోగమా?" అంది. కుష్ఠు అనడానికి నోరు రాలేదు; అన్న మాట కూడా ఆమెకే సరిగా వినబడలేదు.

దాలమ్మ ఈక పక్కన పెట్టింది. "నీ పేరేటమ్మా?"

రెండేళ్ళలో ఆవిడ ఆ వీధిలో ఎవరి పేరూ అడగ్గా గౌరి వినలేదు.

"గౌరి."

"గౌరమ్మా, ఇను. ఇదిప్పుడు మాత్రల్తో పోయే జబ్బు. బేగి మొదలెడితే యేళ్ళూ పోవు, మొహమూ మారదు. యేళ్ళు పోయినోల్లని నాను సూసేను, నయమయినోల్లనీ సూసేను. ఈ లచ్చివారం ఒంటి మచ్చలు సూసీ డాక్టరమ్మ జీపొస్తాది. నాతో రా."

"ఆ జీపు దగ్గర నిలబడితే ఊరంతా తెలిసిపోతుంది."

"నువ్వొక్కర్తివీ నిలబడితే తెలస్తాది" అంది దాలమ్మ.

ఆ నాలుగు రోజులూ బజారు వీధికి మనశ్శాంతి లేకుండా పోయింది. దాలమ్మ ఇల్లిల్లూ తిరిగి, లక్ష్మణమ్మ మడమల పగుళ్ళలో పాములు దూరతాయని చెప్పింది. పోస్టుమాస్టరుగారి ఆనెకాయ చూసి, ఇలాంటిదే ఒకాయన్ని మంచానికి కట్టేసిందని చెప్పింది. నారాయణమ్మ బుగ్గల మీద మంగు దగ్గరికొచ్చేసరికి మాత్రం గొంతు తగ్గించింది.

"ఎంత ఎర్రటి మొహం తల్లీ మీది. దీపానికి మసి పట్టినట్టున్నాది. డాక్టరమ్మ కాడ తెల్ల మందున్నాదంట."

నారాయణమ్మ అద్దంలో చూసుకుంది. లక్ష్మీవారం పొద్దున పట్టుచీర కట్టుకుని, "మంచినీళ్ళ కూజా పట్టుకుని నువ్వూ రావే" అని గౌరితో అంది.

అలా పదకొండుమంది ఊరేగింపుగా బయల్దేరారు. డాక్టరు పద్మకుమారి జీపు పక్కన తెర కట్టించి, ఒక్కొక్కరినే లోపలికి పిలిచింది. అందరికీ ఒకే పరీక్ష, అందరికీ ఒకే రంగు కాగితం పొట్లం. ఒక్కొక్కరికీ రెండు నిమిషాలు పట్టింది. గౌరికి పావుగంట పట్టింది. ఆ పావుగంటా దాలమ్మ తెర ముందు నిలబడి పోస్టుమాస్టరుగారితో ఆయన ఆనెకాయ ఆనెకాయే కాదని వాదించింది. ఆయన చెప్పు తీసి అందరికీ పాదం చూపించి, కాదో అవునో పెద్దల్నే చెప్పమన్నాడు. లోపలికి ఎవరు వెళ్ళారో, ఎంతసేపయిందో ఎవరికీ పట్టలేదు.

లోపల డాక్టరమ్మ గౌరి మోచేతి నరం తడిమి చూసి, "నీది ఇతరులకు అంటుకునే రకం కాదమ్మా. మూడేళ్ళు మాత్రలు మానకుండా వేసుకోవాలి, అంతే" అంది. బయటి గలాటా విని నవ్వింది. "మొదటిసారి దాలమ్మ ఒక్క మనిషినే తీసుకొచ్చింది. సాయంత్రానికి వాళ్ళ ఊళ్ళో అందరికీ తెలిసిపోయి, ఆ మనిషిని నూతి దగ్గరికి రానివ్వలేదు. అప్పట్నించీ పదిమందికి తక్కువ తీసుకురాదు. ఆ పదిమందికీ తామర మందు ఇవ్వలేక నేను చస్తున్నాను."

గౌరి పొట్లం పట్టుకుని బయటికొచ్చింది. ఎండలో నిలబడి కాలి ఆనెకాయ గురించి గొంతు చించుకుంటున్న ఆ మనిషిని అంతకు ముందెప్పుడూ చూడనట్టే చూసింది.

ప్రతి నెలా లక్ష్మీవారం ఊరేగింపు సాగింది. ఇబ్బందల్లా, డాక్టరమ్మ మందులకి వీధిలో చర్మవ్యాధులు నయమైపోతుండటమే. ఆరు నెలలకి గజ్జి లేదు. ఎనిమిది నెలలకి తామర లేదు. దాలమ్మ పుట్టుమచ్చల దాకా దిగజారింది. "ఈ మచ్చ కిందటేడు ఇంత నేదు" అని జనాన్ని బెదిరించి లాక్కెళ్ళేది. వీధంతా ఆవిణ్ణి తిట్టుకుంటూనే వెళ్ళేది.

ఏడాది తిరిగాక ఓ పొద్దున నారాయణమ్మకు బియ్యం డబ్బాలో మాత్రల పొట్లం దొరికింది. కుటుంబ నియంత్రణ గురించి గోడల నిండా రాతలు రాస్తున్న రోజులు. కోడలికి మూడేళ్ళయినా కడుపు పండలేదు. నారాయణమ్మకు అంతా ఒక్కసారి అర్థమైపోయినట్టనిపించింది. పొట్లం పట్టుకుని వీధిలోకి వచ్చింది. అప్పుడే దాలమ్మ మలారంతో వస్తోంది.

"నా కోడలికి పిల్లలు పుట్టకుండా మాత్రలిచ్చింది నువ్వేనా?"

దాలమ్మ పొట్లం చూసింది. గుమ్మంలో తెల్లబోయి నిలుచున్న గౌరిని చూసింది.

"అవునమ్మా. నానే ఇచ్చేను."

"ఎందుకిచ్చేవే?"

"బుద్ధి గడ్డి తిన్నాది."

ఏడాదిగా పుట్టుమచ్చలు మోసుకుని ఎండలో నడిచిన ఆడవాళ్ళంతా అరుగులు దిగి వచ్చారు. ఇంకెప్పుడూ ఈ వీధిలో గాజులమ్మొద్దన్నారు. దాలమ్మ మలారం సర్దుకుంది. వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసి, ఆగి, లక్ష్మణమ్మ కాళ్ళ వంక చూసింది.

"మడమల తల్లీ, ఆవదం మానకు" అని చెప్పి వెళ్ళిపోయింది.

గౌరి అత్తగారి వెనకే లోపలికి వెళ్ళి తలుపు చేరవేసింది. చేతి మీది పౌడరు కొంగుతో తుడిచేసింది.

"అవి పిల్లల మాత్రలు కావత్తా. ఇక్కడ గిల్లి చూడండి."

నారాయణమ్మ గిల్లింది. కోడలి మొహంలో మార్పు లేదు. ఇంకా గట్టిగా, గోరు దిగేలా గిల్లింది. గౌరి అలాగే చూస్తూ నిలబడింది. గిల్లిన నారాయణమ్మకే కళ్ళనీళ్ళు తిరిగాయి. గౌరి అప్పుడు అంతా చెప్పింది: ఈక, జీపు, పదకొండుమంది, మూడేళ్ళు.

నారాయణమ్మ బియ్యం డబ్బాకు మూత పెట్టి, దాని పక్కనే కూచుంది. దాలమ్మను తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టున్నాయి.

"ఇవాల్టి మాత్ర వేసుకున్నావా?" అంది చివరికి.

"లేదు. మీ చేతిలోనే ఉండిపోయాయి."

నారాయణమ్మ లేచి మంచినీళ్ళు తెచ్చింది. ఆ మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ కొడుకు జగన్నాధానికి కూడా ఆవిడే చెప్పింది. అతను చేతిలో ముద్ద కంచంలో పెట్టేసి, "మాత్రలు నేను గుర్తుచేస్తాన్లే" అన్నాడు. భోజనం కాగానే దుకాణానికి బదులు దాలమ్మ ఇంటికెళ్ళి ఆవిణ్ణి పిలుచుకొచ్చాడు.

వీధంతా చూస్తుండగా నారాయణమ్మ అరుగు మీద కూచుని రెండు చేతులూ చాపింది.

"డజనేసి ఎక్కించవే దాలమ్మా." తర్వాత అందరికీ వినబడేలా, "అవి రక్తం పట్టడానికి మాత్రలంట. పొట్లం మీద రాసింది నేనే తప్పు చదివేను" అంది.

"నీకు చదవడం వచ్చా వదినా?" అంది లక్ష్మణమ్మ.

"రాదు కాబట్టే తప్పు చదివేను."

దాలమ్మ తల వంచుకుని గాజులెక్కిస్తోంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి. నవ్వో ఏడుపో గౌరికి గుమ్మంలోంచి తెలియలేదు.

మూడో ఏడు వెళ్ళేక ఓ లక్ష్మీవారం డాక్టరమ్మ గౌరి చెయ్యి పరీక్షించి, ఇక మాత్రలు చాలంది. మచ్చ పెరగలేదు, వేళ్ళు చక్కగా ఉన్నాయి. అప్పటికి గౌరికి అయిదో నెల. తిరిగొచ్చేటప్పుడు జనం ముందు నడుస్తున్నారు. నారాయణమ్మ, దాలమ్మ, గౌరి కాస్త వెనకబడ్డారు.

"అయితే వచ్చే నెల నుంచి ఈ జాతర ఉండదా?" అంది నారాయణమ్మ. ఆవిడ గొంతులో కొంచెం దిగులు కూడా ఉంది.

దాలమ్మ మలారం ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది.

"ఉంటాదమ్మా" అంది.

నారాయణమ్మ నడుస్తూనే ఓసారి ముందు వెళ్తున్న వాళ్ళ వీపుల వంక చూసింది. ఈసారి ఆ మచ్చ ఎవరికని అడగలేదు.

"ఎంతమంది కావాల?" అంది.