రైలుపట్టా మీద మూడు దెబ్బలు

మా ఇంటి వేటకుక్కను చూసినవాళ్లందరూ అడిగేది ఒకటే, "దీనికి కూడు పెట్టరా ఏమి?" అని. ముధోళ జాతి అంతే మరి. ఎంత సంకటి పెట్టినా పక్కటెముకలు కనబడుతూనే ఉంటాయి. తిన్నదంతా పరుగుకే సరి. గని కార్మికుల కోసం కట్టిన మా రెండు గదుల ఇంట్లో అది తోక ఊపిందంటే గ్లాసులు కింద పడాల్సిందే. దాన్ని తెచ్చినందుకు నాన్న మీద నేను సణగని రోజు లేదు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

కుందేలు కంటబడితే ఆ కుక్కకు చెవులు పనిచేయవు. వెనక్కి పిలవడం నాన్న ఒక్కడి వల్లే అయ్యేది. అదీ నోటితో కాదు. గనిదుమ్ముకు ఊపిరితిత్తులు పాడై ఆయనకు కేక వేసే ఓపిక లేదు. గని మూతపడేదాకా, అడుగు నుంచి తాడు లాగి పైన గంట కొట్టడమే ఆయన పని. మూడు దెబ్బలు కొడితే కేజ్‌లోకి, అంటే గనిలోకి దించే ఇనుప బోనులోకి, మనుషులు ఎక్కారు, పైకి లాగమని అర్థం. అందరినీ పంపించి, ఆఖరి కేజ్‌లో తను వచ్చేవాడు. ఆ అలవాటుతోనే వరండా దూలానికి రైలుపట్టా ముక్క కట్టి, ఇనుపకడ్డీతో మూడు దెబ్బలు కొట్టేవాడు. కుక్క ఎక్కడున్నా వచ్చి వాలేది.

"మనుషుల గంటతో కుక్కను పిలుస్తావా, నీకేమన్నా పిచ్చా?" అని అమ్మ కసిరేది. గని పక్కనే కాపురం కాబట్టి, ఒకప్పుడు ఆ మూడు దెబ్బలు వినబడితేనే ఆమె పొయ్యి మీద ఎసరు పెట్టేది.

నాన్న పోయాక అమ్మ ఆ పట్టాను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. "ఇంగ ఎవరు వస్తారని కొట్టేది?" అంది. నేను కుక్కకు గొలుసు వేసి తిప్పసాగాను. పొద్దు వాలితే చాలు, ఎవరూ కొట్టని ఆ పట్టా వైపు అది చెవులు నిక్కించి చూసేది. నాకు ఒళ్లు జలదరించేది. అమ్మ కూడా అటే చూస్తూ ఉండేది, అది చూస్తే ఇంకా భయం.

మొన్న వానల్లో ఒక సాయంత్రం, ఇంటి వెనక, బంగారం తీసేశాక మిగిలిన తెల్లమట్టి పోసిన సైనైడ్ దిబ్బ మీద కుందేలు కనబడింది. గొలుసు నా చేతిలోంచి జారిపోయింది. గొంతు పగిలేలా అరిచాను. తిరిగి చూస్తేగా! ఇంటికి పరుగెత్తాను.

"అమ్మా, పాత గనిగుంత పక్కకు పోయింది! ఆడ కంచె యాడుండాది? ఇనుమంతా కోసుకొని పోయినారు. పడిందంటే అంతే! పట్టా కొట్టనీ అమ్మా!"

ఆయన చేత్తో పెంచిన ప్రాణం అదొక్కటే మిగిలింది మాకు. అమ్మ నా మొహం చూసింది. దూలం మీది కడ్డీ తనే తీసి, నాన్న కొట్టినట్టే ఆగి ఆగి మూడు దెబ్బలు కొట్టింది.

చాలాసేపు దిబ్బ మీద ఏమీ కదల్లేదు. ఆఖరికి ఒళ్లంతా తెల్లటి బురదతో, గొలుసు ఈడ్చుకుంటూ కుక్క వచ్చింది. దాని మెడ పట్టుకుని బావురుమన్నాను.

"వచ్చేసింది కదమ్మా, లోపలికి రా," అన్నాను.

అమ్మ కడ్డీ దించలేదు. చీకటి పడుతున్న దిబ్బ వైపే చూస్తోంది. కుక్క నా చేతులు విడిపించుకుని, పోయి ఆమె పక్కన కూర్చుని తనూ అటే చూసింది.

"ఉండు పాపా," అంది అమ్మ. "ఆయన ఎప్పుడూ ఆఖర్నే కదా వచ్చేది."